ఇద్దరికి ఒక్క సర్వ

దండమమ్మా సర్వా! ఇత్తడిదానివైనా సరే, సిల్వరుదానివైనా సరే, అడుగు నల్లబడి అంచు సొట్టపోయినదానివైనా సరే, మొదటి దండం నీకే. పొయ్యి ఒక్కటి, మంట ఒక్కటి, తినేవాళ్లం ఇద్దరం. పొద్దుగూకిన వేళ ఇంటి ఆకలినంతా నీ ఒక్క కడుపులోకి తీసుకుంటావు. పిండి నీలోనే తడుపుతాం, నీ గోడలకే ఒత్తుతాం, నీలోనే కాలుస్తాం. ఓపిక లేని రోజున పళ్లెం కూడా తీయకుండా నీ అంచునుంచే తుంచుకుని తింటాం. ఇంత చాకిరి చేసీ తోమించుకునేది నువ్వొక్కదానివే.

ఒక్క గిన్నె వంట అంటే తీరిక లేని పట్నపోళ్లు నిన్నగాక మొన్న కనిపెట్టిన ఉపాయమని కొందరనుకుంటారు. నల్లగొండ, పాలమూరు ఆడవాళ్ల ముందు ఆ మాట అంటే నవ్వుతారు. కృష్ణమ్మ కింద లోయలో పారుతుంటే గట్టు మీద ఖాళీ బిందె పట్టుకుని నిలబడ్డ నేల ఇది. ఇక్కడ రెండో గిన్నె అంటే దాన్ని తోమడానికి రెండో చెంబు నీళ్లు. రెండో పొయ్యి అంటే ఇంకో మోపు కందికట్టె. బోరు పడిందని సంబరపడదామా అంటే, మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కున ఆ నీళ్ల నిండా ఫ్లోరైడు. పిల్లల పళ్ల మీద గార, పెద్దల కాళ్లలో వంకర. నీళ్లు మరిగినకొద్దీ ఆవిరైపోయేది నీళ్లే, ఫ్లోరైడు గిన్నెలోనే కూర్చుంటుంది. అందుకే తాగడానికీ వండడానికీ మంచినీళ్లను ఎక్కడినుంచో మోసుకొచ్చిన తరాలకు అరచెంబుతో ముగిసే వంట అంటే అంత ప్రేమ. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతి ఒకటి తయారుచేసి దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పేరు. పేరు సముద్రాలు దాటిన చాన్నాళ్లకు, 2016లో మొదలైన మిషన్ భగీరథతో గానీ చాలా ఊళ్లలో ఇంటిముందుకు నల్లా రాలేదు. నల్లా వచ్చినంక కూడా మా అత్తమ్మ రెండో గిన్నె దించనిచ్చేది కాదు. “ఇద్దరికి గిన్ని గిన్నెలెందుకే?” అనేది. ఆ మాట అంటూ పల్లీలు దంచేది.

గిన్నె చిన్నదని ఇల్లు చిన్నదనుకోవద్దు. సర్వలో పడేది పిడికెడే, ఆ పిడికెడు వెనక బస్తా ఉంటుంది. బస్తా వెనక ఒక ఎండాకాలం ఉంటుంది. పూట గడుపుకోవడం వేరు, ఏడాదిని ఇంట్లో దించి పెట్టుకుని అందులోంచి పూటను తీసుకోవడం వేరు. ఈ రెండోది గొప్ప విద్య. దానికి బడి లేదు, పుస్తకం లేదు. బియ్యం డబ్బా మూత తీసి చేతిని మోచేతి దాకా దింపి, అడుగు ఎంత దూరంలో ఉందో చూసుకునే ఆడమనిషి అరచెయ్యే దాని కొలత.

నాది పాలమూరు, ఆయనది మిర్యాలగూడ దిక్కు. పిల్లలు హైదరాబాదు, పూణె పోయినంక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. అయినా ఎండలు ముదిరేసరికి సరుకు తెచ్చే తీరు మాత్రం పదిమంది ఉన్న ఇంటిదే.

“ఇద్దరికి ఇన్ని పల్లీలేందే?” అంటాడాయన.

“గట్లయితే నువ్వు క్వింటాలు బియ్యం ఎందుకు దించినవయ్యా?” అంటాను.

అక్కడికి లెక్క సరి. రెండు జిల్లాల సరుకు ఒక్క గదిలో సర్దుకుంటుంది.

మిర్యాలగూడ బియ్యానికి దండం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టులో కాలువల్లోకి నీళ్లు కదిలాయి. రాయి మీద రాయి పేర్చి మనుషుల చేతులు కట్టిన డ్యామ్ అది. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎడమ కాలువ పొడవునా ఎర్ర నేల పచ్చబడింది, పచ్చదనం వెంట మిల్లులు లేచాయి. ఇవాళ మిర్యాలగూడ రోడ్డు మీద పోతుంటే ఊక వాసన ముందొస్తుంది, ఊరు తర్వాతొస్తుంది. బియ్యంలో ఎన్ని రకాలని! బాపట్లలో 1986లో పుట్టిన సాంబ మసూరి ఇప్పటికీ పట్టు విడవలేదు. రాజేంద్రనగర్‌లో తయారై 2015లో విడుదలైన తెలంగాణ సోన, చక్కెర జబ్బున్న ఇండ్లకు దగ్గరైంది. చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన మడిలో వేరుగా కనబడ్డ కంకులను ఏరి, పెంచి, చేతిగడియారం కంపెనీ పేరు పెట్టిన హెచ్‌ఎంటీ కూడా మా వైపు చేలల్లో పాతకాపే. కొత్తబియ్యం అయితే ముద్దవుతుంది, ఏడాది నిండిన బియ్యం అయితే నీళ్లు ఇంకాస్త తాగి పొడిపొడిగా విచ్చుకుంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు కిచిడికి కొత్తదాన్ని, బగారకు పాతదాన్ని తీస్తారు. బస్తాలు ఇంట్లో ఉన్నవాళ్లకే ఆ భోగం.

మిల్లులో జల్లెడ కింద రాలే నూకలకు ఇంకో దండం. బియ్యం ధరలో సగానికి అటూ ఇటూగా దొరికే నూకలు కొద్దిగా ఎక్కువే తెచ్చుకుంటాం. పిండి పట్టిస్తే సర్వకు, పట్టించకపోతే ఉప్పుడుపిండికి. పోపు వేసిన గిన్నెలోనే నీళ్లు, నీళ్లలోనే పెసరపప్పు, పప్పు పలుకు విడిచే వేళకు నూకలు. మూత పెట్టి మంట తగ్గించి బయట అరుగు మీద కూర్చున్నా ఫరవాలేదు, వాసనే వచ్చి పిలుచుకుపోతుంది.

ఇక పల్లీలు. ఇక్కడ నేను పక్షపాతం దాచుకోను. జడ్చర్లను ఆనుకుని ఉన్న బాదేపల్లి మార్కెట్ యార్డులో యాసంగి పంట దిగే రోజుల్లో ఒకసారి నిలబడి చూడాలి. నాగర్‌కర్నూలు, వనపర్తి, అచ్చంపేట దిక్కు ఎర్ర చల్కల్లోంచి పీకిన కాయ కుప్పలు కుప్పలుగా, ఒక్కో కుప్ప పక్కన దాని రైతు. కొనేవాడు కుప్పలోకి చెయ్యి దూర్చి గుప్పెడు తీసి, చెవి దగ్గర గలగలలాడించి, నాలుగు వొలిచి, రెండు నోట్లో వేసుకుంటాడు. ఆ గలగలలో తేమ ఎంతో తెలుస్తుందట. మనం ఇంటికి తెచ్చుకునేటప్పుడు కూడా గింజ కొనడం కంటే కాయ కొనడం మేలు. పొట్టులో ఉన్నన్నాళ్లు గింజకు పురుగు తొందరగా పట్టదు, నూనె కమురు వాసన రాదు. పచ్చితనం ఉంటే మాత్రం రెండు మూడు ఎండలు తినిపించాల్సిందే, తేమకు బూజు పట్టిన పల్లి విషం. టీవీ ముందు కూర్చుని ఆయన వొలుస్తుంటే పొట్టు అంతా నేల మీద, గింజలు సగం ఆయన నోట్లో. మిగిలిన సగంతోనే నా వంట.

కందికి తాండూరు. పాలమూరు పొరుగున నల్లరేగడి, కింద పలకలు పలకలుగా నాపరాయి. ఆ నేల కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు రాకముందు కూడా మా అమ్మ వేరే కంది ముట్టేది కాదు. సున్నపు పాలు ఎక్కువున్న బోరు నీళ్లలో ఏ పప్పైనా మొండికేస్తుంది, గంటసేపు ఉడికినా పలుకు పలుకే. అట్లాంటి నీళ్లలో కూడా కాస్త దారికొచ్చే పప్పు ఏదంటే తాండూరుదే అని ఆమె వాదన. ఉల్లిగడ్డకు దేవరకద్ర. బుధవారం బుధవారం అక్కడ ఉల్లి వేలం. తెల్లారకముందే బస్తాలు దిగుతాయి, ఎండ ఎక్కేసరికి ధర తేలుతుంది. బస్తా తెచ్చుకున్నాక మూతి కట్టి మూలకు పెట్టేవాళ్లకు వారంలో కుళ్లు వాసన గ్యారంటీ. విప్పి, గాలి తగిలేచోట పలుచగా పరిస్తే వానాకాలం దాకా లాగొచ్చు.

మిరపకాయలు తొడిమెలు తీసి, ఎండించి, దొడ్డు ఉప్పు కలిపి గిర్నికి పంపడం, గిర్ని ముందు వరుసలో అందరం తుమ్మడం, అది వేరే పురాణం. చింతపండు దగ్గర మాత్రం ఆగుతాను. మాఘం దాటినంక చెట్టు దులిపి, పెంకు కొట్టి, ఈనె తీసి, గింజ తీసి, రాతి ఉప్పుతో అద్ది కుండకెత్తితే రెండేండ్లయినా చెడదు, నల్లబడినకొద్దీ పులుపు పెద్దమనిషి అవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు బడిపిల్లలకు చింతపండు పెట్టి పరీక్షిస్తే, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతున్నట్టు తేలింది. ఫ్లోరైడు నీళ్లు తాగిన నేల మీదే ఇన్ని చింతచెట్లు ఎవరు నాటారో! దాన్ని మందని నేననను. కానీ పచ్చిపులుసు గిన్నె కడిగేటప్పుడు ఆ సంగతి గుర్తొచ్చి చెట్టుకు ఓ దండం పెట్టుకుంటాను.

బస్తా కూడా కాలంతో మారుతుంది. ఒకప్పుడు గోనెసంచి, గోనె మీద మిల్లు ముద్ర. తర్వాత ప్లాస్టిక్ సంచి, 25 కిలోలు. 2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసి ముద్ర వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడగానే, మిల్లులవాళ్లు రాత్రికి రాత్రి 26 కిలోల బస్తా కుట్టారు. పన్ను తప్పించుకోవడానికి ఒక కిలో బియ్యం చాలింది! ఆ కిలో మాకు రెండు పూటల కిచిడి. 2025 ఉగాది నాడు, మార్చి 30న, హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలైంది, మనిషికి 6 కిలోలు. ఆ జూన్‌లో మూడు నెలలది ఒకేసారి ఇస్తే, ఇద్దరున్న ఇంటికి 36 కిలోలు. ఆటోలో వేసుకొచ్చిన సంచులను ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కింద తోసిన ఇండ్లు మా గల్లీలోనే ఎన్నో. బియ్యానికి పురుగు పట్టకుండా వేసే ఎండిన వేపాకు ఎక్కడ దొరుకుతుందని ఆ వారమంతా ఒకటే అడగడం.

ఇంత పొగిడి, చేదు మాట ఒకటి దాచితే తప్పు. ఏడాది సరుకు ఒక్కసారి దింపుకోవడానికి చేతిలో ఏడాది సరుకు పైసలుండాలి. ఉన్నవానికి హోల్‌సేల్ ధర, లేనివానికి చిల్లర ధర. ఐదు రూపాయల కారం పొట్లం, పది రూపాయల నూనె ప్యాకెట్ రోజూ కొనేవాళ్లే కిలో లెక్కన అందరికంటే ఎక్కువ ధర కడుతున్నారు. పాలమూరుకు ఈ లెక్క మహా బాగా తెలుసు. దసరా, దీపావళి దాటగానే ఇంటికి తాళమేసి, పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలి, ముంబయి బస్సెక్కిన జంటలెన్ని! దేశమంతటా కాలువలు, రోడ్లు, కట్టలు కట్టిన ‘పాలమూరు లేబర్’ అంటే సగం అట్లాంటి జంటలే. బస్సు మీద జొన్నల మూట, చేతిలో కారం డబ్బా, సంచిలో చింతపండు ముద్ద, వాటితోపాటు ఒక్కటంటే ఒక్క బగోనా. సైటు మీద రేకుల షెడ్డు, మూడు రాళ్ల పొయ్యి. తెచ్చుకున్న మూట ఒడిసినంక మేస్త్రీ ఖాతాలో బియ్యం, ఆ ఖాతా తెగేది ఎన్నడో. పగలంతా ఇటుకలు మోసిన ఇద్దరూ చీకట్లో ఆ బగోనా చుట్టూ కూర్చునేవాళ్లు. ఆమె గటక కలిపేది, అతను రాయి మీద ఎల్లిపాయ కారం నూరేవాడు. ఊళ్లో ఆడవాళ్ల పని అనిపించుకున్న నూరుడు అక్కడ మగవాని చేతికి వచ్చింది, ఎవరూ వింతగా చూడలేదు. ఆ బగోనాకు నేను పెట్టే దండం ఇంట్లో సర్వకు పెట్టే దండం కంటే పెద్దది.

ఇగ సర్వప్పకు రా. గిన్నప్ప అను, సర్వపిండి అను, తపాలచెక్క అను, పేరేదైనా మా ఇద్దరి రాత్రి అదే.

శనగపప్పు గుప్పెడు పొద్దున్నే నానేస్తాను. రెండు గ్లాసుల బియ్యప్పిండి, బరకగా దంచిన పల్లీలు రెండు గుప్పెళ్లు, నువ్వులు ఒకటి, నానిన పప్పు, సన్నగా కోసిన ఉల్లిగడ్డ, ఆరేడు ఎల్లిపాయ రెబ్బలు, జీలకర్ర, చిదిమిన కల్యామాకు, కారం, ఉప్పు. సొరకాయ ఉంటే తురిమి పడేస్తాను, అప్పుడు నీళ్లు తగ్గించాలి. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. రొట్టె పిండి అంత గట్టి కాదు, దోశ పిండి అంత జారు కాదు, చేతికి అంటీ అంటనట్టు ఉండాలి. సర్వ లోపలంతా నూనె రాసి, సగం ముద్ద నడిమిట్ల పెట్టి, అరచేతి మడమతో చుట్టూ తోయాలి. అడుగు నుంచి గోడ మీదికి, గోడ మీద ఎంత పలుచగా పోతే అంచు అంత కరకర. తర్వాత చూపుడువేలుతో తూట్లు. నడిమిట్ల ఒకటి, చుట్టూ ఆరో ఏడో. తూటుకో నూనె చుక్క. మూత. మంట ఎంత సన్నగా ఉండాలంటే, ఉందో లేదో వంగి చూసుకోవాలి.

చప్పుడు వినాలి ఇప్పుడు. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి తూట్లలో నూనె గుసగుస, మూత లోపల తడి కారి పడ్డప్పుడల్లా చిన్న చిటపట. ఆ తర్వాత పల్లి వేగిన వాసన, దాని వెనక ఎల్లిపాయ, అన్నిటికంటే చివర నువ్వు. నువ్వు వాసన వచ్చిందంటే మూత తీయొచ్చు. అంచు గోడను విడిచి లోపలికి వాలి ఉంటుంది. అట్లకాడ తోస్తే సర్వ ఆకారమే ఎర్రగా చేతిలోకి వస్తుంది. అడుగు కరకర, నడుము మెత్తన, రెండు రుచులు ఒక్క ముక్కలో.

రెండోదాన్ని వెంటనే ఒత్తబోతే చెయ్యి కాలుతుంది, పిండి గోడకు నిలవదు. సర్వను బోర్లించి వీపు మీద చెంబెడు నీళ్లు పోయాలి. సుయ్యిమని ఆవిరి లేస్తుంది. అది చల్లారే లోపల మొదటిదాన్ని రెండుగా విరుస్తాం. ఎంత సమానంగా విరిచినా కరకర అంచు ఒకవైపే ఎక్కువ పోతుంది.

“అంచు నీకే పోయింది,” అంటాడు.

“రెండోదాంట్ల నువ్వు తీస్కో,” అంటాను.

ఇద్దరికి ఒక్క సర్వ ఎందుకు చాలునో అందులో ఉంది. రెండు సర్వలుంటే ఆయనది ఆయనకు, నాది నాకు, మాట్లాడుకునే పని ఉండదు. ఒక్కటే ఉంటే ఆగాలి. ఆగినంతసేపు పిల్లల సంగతో, పొద్దున బోరు మోటారు చేసిన చప్పుడో, ఎప్పుడో తీరిపోయిన తగువో ఏదో ఒకటి నోట్లోకి వస్తుంది. ఫోను చేతిలో పట్టుకుందామంటే నూనె చేతులు.

వారమంతా సర్వప్పే తింటామా? తినం. గంజులో పెసరపప్పు కిచిడి పడేసి, ఆ మంట మీదే రెండు పచ్చిమిరపకాయలు కాల్చి చింతపండు రసంలో పిసికి, ఉల్లిగడ్డ, జీలకర్ర, చిటికెడు బెల్లం వేస్తే పొయ్యి ఎక్కని పచ్చిపులుసు తయారు. ఇంకో రోజు జొన్న రొట్టె. మరిగే నీళ్లతో పిండి కలిపి, ఒత్తి, పెంక మీద వేసి, పైన తడి చేత్తో అద్ది, తిప్పితే పొంగుతుంది. చివరి రొట్టె దించిన పెంక మీదే పల్లీలు, ఎండుమిర్చి వేయించి ఎల్లిపాయతో నూరితే కూర అడిగేవారుండరు. పొంగని రొట్టెలు ఆయన ఖాతా, పొంగినవి నా ఖాతా అని ఆయన ఫిర్యాదు. మిర్యాలగూడలో బియ్యం మధ్య పుట్టినవానికి జొన్న రొట్టెలో పొంగినదేదో పొంగనిదేదో ఏం తెలుసు?

ఉల్లిగడ్డ బస్తా అడుగు కనబడుతోంది. వచ్చే బుధవారం దేవరకద్ర పోవాలి, తెల్లారే బయల్దేరాలి. ఆయన ఇప్పుడే అడుగుతున్నాడు, “ఈసారి సగం బస్తా చాలదానే?” అని. చాలదు.